తలుపు తన్నే పిల్లవాడితో ఏం చేయాలి

పిల్లల గృహానికి వారానికోసారి కౌన్సెలర్ వస్తారు, నలభై నిమిషాలు కూర్చుంటారు, వెళతారు. తక్కిన వారమంతా పిల్ల ఉండేది హౌస్ మదర్ కళ్లముందు, వంటగది గుమ్మంలో, రాత్రి కాపలాదారు టార్చి వెలుతురులో. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, బరంపురం వైపు పిల్లల గృహాల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది "వైద్యం సంగతి కౌన్సెలర్ చూసుకుంటారు, మనం అన్నం పెట్టి పడుకోబెడితే చాలు" అనుకుంటారు. ఆ అన్నం పెట్టడంలో, పడుకోబెట్టడంలోనే సగానికి పైగా వైద్యం ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో చేశారన్నదే తేడా.

ఇక్కడికి వచ్చే పిల్లలు రకరకాలు. అమ్మానాన్న ఇటుక బట్టీలకు వలసపోతే అక్కడే పెరిగి, చివరికి ఎవరూ లేకుండా మిగిలినవాళ్లు. పలాసలోనో బరంపురంలోనో రైలు దిగి ప్లాట్‌ఫారం మీద దొరికినవాళ్లు. సొంత ఇంట్లోనే దెబ్బలో అంతకన్నా ఘోరమో చూసినవాళ్లు. మూడు నాలుగు గృహాలు మారి, ప్రతిచోటా "ఈ గుంటడిని మేం పట్టలేం" అనిపించుకుని వచ్చినవాళ్లు. కొట్టేవాడు, కరిచేవాడు, పళ్లేలు విసిరేవాడు రిజిస్టరు నిండా ఉంటాడు. మూల కూర్చుని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ, గోళ్లతో మోచేతులు గీరుకునే పిల్ల పేరు అందులో ఒక్కచోటా ఉండదు. "చాలా మంచి పిల్ల, సడే చెయ్యదు" అంటారు. ముందు ఆ పిల్ల పేరు రాసుకోండి.

మొదట ఒంటి సంగతి, మాట సంగతి

ఫైలులో "మొండి" అని రాసే ముందు ఒంట్లో ఏముందో చూడాలి. కొరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో మలేరియా ఉంది, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) ఉంది. సికిల్ సెల్ ఉన్న పిల్లకు ఎముకలు నొప్పెడితే పొద్దున్నే లేవదు, పట్టుకుని లేపితే అరుస్తుంది. చూసేవాళ్లకు అది పొగరు. చెవిలో చీము పట్టినవాడికి పిలుపు వినబడదు, వాడు "లెక్కచెయ్యని వాడు" అయిపోతాడు. చూపు ఒక్కచోట నిలిచిపోయి పది సెకన్లు పలకని పిల్లకు మూర్ఛ కావచ్చు. వచ్చిన వారంలోపు మలేరియా, హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు, చెవులు, కళ్లు, పళ్లు చూపించడం, నులిపురుగుల మాత్ర అయిపోవాలి. ప్రవర్తన గురించిన చర్చ ఆ తర్వాతే.

మాట దగ్గర ఇంకో చిక్కు. ఒడియా పిల్ల "పేటొ కాటుచి" అంటే కడుపు నొప్పి. తెలుగు చెవికి ఏదో కాటేసినట్టు వినబడుతుంది. "డొరొ లాగుచి" అంటే భయమేస్తోందని. ఎవరో లాగుతున్నారని మనం వెతుకుతాం. ఈ కొండల్లోని సవర, కుయి, దేసియా భాషలు మాట్లాడే పిల్లల దగ్గర ఈ మాత్రం కూడా అందదు. కాబట్టి ఇంట్లో ఎన్ని భాషల పిల్లలుంటే అన్ని కాగితాలు వంటగది గోడకు అంటించండి. ఒక్కోదాని మీద ముప్ఫై మాటలు చాలు: నొప్పి, ఆకలి, భయం, నీళ్లు, దొడ్డికి, వెలుతురు, వద్దు, ఆపు, అమ్మ, ఇల్లు లాంటివి. భయం పెరిగినప్పుడు పిల్ల నేర్చుకున్న భాష ముందు పోతుంది, ఇంటి భాష మిగులుతుంది. స్కూల్లో చక్కగా తెలుగు మాట్లాడే సవర పిల్లకు రాత్రి పన్నెండింటికి తెలుగు అర్థం కాకపోవడం నటన కాదు. రోజువారీ మాటలకు ఆ భాష వచ్చిన పెద్ద పిల్లల సాయం తీసుకోవచ్చు. ఒంటి మీద జరిగిన హింస గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఏ పిల్లనీ దుబాసీగా పెట్టకండి.

పిలుపు విషయంలో మన సరిహద్దుకు ఒక సౌకర్యం ఉంది. ఉత్తరాంధ్ర వైపు అక్కను "అప్ప" అంటాం, ఒడియాలో "అపా". మావయ్య అక్కడ "మాము". మేడమ్, సార్ కంటే ఇవి నయం. "అమ్మా అని పిలు" అని మాత్రం నేర్పకండి. అమ్మ ఉన్న పిల్లకు అది తప్పు చేసినట్టుంటుంది, అమ్మ చేతిలో దెబ్బలు తిన్న పిల్లకు భయమేస్తుంది. పిల్లే తనంతట తాను అంటే సరిదిద్దే పని లేదు.

మొదటి మూడు రోజులు

కథ అడగవద్దు. బాలల సంక్షేమ సమితి దగ్గర, పోలీసు స్టేషనులో, ఆస్పత్రిలో ఇప్పటికే నలుగురు అడిగి ఉంటారు. మొదటి గంటలో చూపించాల్సినవి నాలుగు: మరుగుదొడ్డి, దానికి వెళ్లే దారిలో లైటు స్విచ్, తాగే నీళ్లు, రాత్రి పెద్దవాళ్లు పడుకునే చోటు. చీకట్లో ఎవరిని లేపాలో తెలిసిన పిల్ల సగం ధైర్యంగా పడుకుంటుంది.

తెచ్చుకున్న మూట విప్పించకండి, ఉతకకండి. ఆ మురికి చున్నీకి ఇంటి వాసన ఉంటుంది. ప్రమాదకరమైన వస్తువేదైనా ఉందేమో పిల్ల ఎదుటే, చెప్పి చూసి, తిరిగి ఇచ్చేయండి. పేలున్నాయని గుండు కొట్టించే అలవాటు చాలా చోట్ల ఉంది. అది మానండి. ఒక శాతం పెర్మెత్రిన్ లోషను తల తడిపి రాసి, పది నిమిషాలుంచి కడిగి, సన్నదువ్వెనతో దువ్వి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి చేస్తే పోతాయి. వచ్చిన రోజే జుట్టు తీసేస్తే "నీ ఒళ్లు నీది కాదు" అని చెప్పినట్టే. ఆ మాట ఆ పిల్ల ఇదివరకే విని ఉంది.

ఒక్కో పిల్లకు ఒక్క మనిషిని కేటాయించండి. ఒకరి చేతిలో నలుగురైదుగురి కంటే ఎక్కువ మంది ఉండకూడదు. ఆ మనిషి రోజుకు పది నిమిషాలు, ఒకే వేళకి, ఆ పిల్లతోనే ఉండాలి. తల దువ్వడమో, బియ్యం ఏరడమో, గవ్వలాటో, ఏదైనా సరే. పిల్ల ఆ రోజు తప్పు చేసినా ఆ పది నిమిషాలు రద్దు కావు. ఇది బహుమతిలా మారిన రోజున పనికి రాకుండా పోతుంది. "రేపు పెన్సిల్ తెస్తాను" అని చెప్పి మరిచిపోవడం మనకు చిన్న విషయం, వాళ్లకు పాత అనుభవం. తేలేనిది చెప్పకండి.

ఫారం 7, అంటే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, ఆఫీసు బీరువాలో ఉండే కాగితంగా మారిపోతుంది. అందులోంచి మూడు వాక్యాలు తీసి పనివాళ్లందరికీ చెప్పండి: ఈ పిల్లను ఏది భయపెడుతుంది, ఏది శాంతపరుస్తుంది, ఏది ఎప్పుడూ చేయకూడదు. పిల్ల చరిత్ర మొత్తం వంటమనిషికి తెలియనక్కర్లేదు. ఈ మూడూ తెలియాలి.

అన్నం, స్నానం, వేళలు

తిండి దాచుకునే పిల్లను దొంగ అనకండి. ఆకలి తెలిసిన ఒళ్లు రేపటికి నమ్మదు. మంచం కింద పాచిపోయిన రొట్టె దొరికితే, మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి ఇచ్చి దాని మీద పేరు రాయండి. అందులో గుప్పెడు అటుకులు, కొంచెం బెల్లం వేసి, రోజూ సాయంత్రం మీరే నింపండి. ఖాళీ అయిందేమని అడగవద్దు. మొదటి వారాల్లో డబ్బా గంటలో ఖాళీ అవుతుంది, దాచడం ఇంకా పెరుగుతుంది కూడా. చాలాచోట్ల అక్కడే విసిగి ఆపేస్తారు. రెండు మూడు నెలలు సాగనిస్తే డబ్బాలో అటుకులు మిగలడం మొదలవుతుంది.

వడ్డించేటప్పుడు గిన్నె అడుగు కనబడనీయకండి. అన్నం తగ్గుతోందని తెలిస్తే వరసలో తోపులాట మొదలవుతుంది. వరసలో వెనక నిలబడలేని వాడికి గరిటె ఇచ్చి పక్కన నిలబెట్టండి. తిండి ఆపడం శిక్షగా ఎన్నడూ వాడకూడదు, తీపి ఇవ్వకపోవడంతో సహా. పఖాళో (నీళ్లలో నానిన చద్దన్నం) ఇష్టమున్న పిల్లకు అదే పెట్టండి, చోడి (రాగి) అంబలి అలవాటున్న పిల్లకు పొద్దున్న అదే. పూరీల కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఒక పని ఆపి ఇంకో పనికి వెళ్లే గీత దగ్గరే గొడవలు ఎక్కువ: ఆట నుంచి స్నానానికి, టీవీ నుంచి చదువుకు, దీపాలార్పే వేళ. పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఇంకోసారి చెప్పండి. కేక వేయకుండా దగ్గరికెళ్లి చెప్పాలి. గంట కొట్టే అలవాటుంటే ఎప్పుడూ ఒకే గంట, ఒకే చప్పుడు.

స్నానాలు విడివిడిగా, గడియ ఉన్న తలుపు వెనక. తాకే ముందు అడగాలి. వెనకనుంచి భుజం మీద చేయి వేయడం మనకు ఆప్యాయత, కొందరు పిల్లలకు దాడి. తోటి పిల్లలతో లైంగికంగా ప్రవర్తించే పిల్లను "పాడైపోయింది" అనడం మనవాళ్లకు నోటి అలవాటు. ఆ పిల్లకు ఎవరో నేర్పిన పాఠం అది. "ఇక్కడ ఒకరి ఒళ్లు ఒకరు తాకం" అని మామూలు గొంతుతో చెప్పి, పక్కకు తీసుకొచ్చి వేరే పనిలో పెట్టండి. మంచం పెద్దవాళ్లకు కనబడే చోటికి మార్చండి, చిన్నపిల్లలతో ఒంటరిగా వదలకండి, కౌన్సెలర్‌కు అదే రోజు చెప్పండి.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది

పెద్ద గొడవలు ఎక్కువగా ఈ మూడు గంటల్లోనే. స్కూలు అలసట, ఆకలి, డ్యూటీ మార్పు, చీకటి పడడం, ఇంటి ఫోన్లు, అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. పదకొండేళ్ల కుర్రాడిని తీసుకోండి. పక్క మంచం వాడికి అమ్మ ఫోన్ చేసింది, తనకు ఎవరూ చేయలేదు. అరగంట తర్వాత అన్నం వరసలో ఎవడో తగిలాడు, పళ్లెం ఎగిరిపడింది. రిజిస్టరులో "కారణం లేకుండా పళ్లెం విసిరాడు" అని పడుతుంది.

ఫోన్‌కూ పళ్లేనికీ మధ్య ఉన్న ఆ అరగంటలోనే మన పని. కాలు ఆడించడం, ఒకే గోడ పక్కన అటూ ఇటూ తిరగడం, దవడ బిగించడం, మాట పొట్టిగా రావడం, లేదా ఉన్నట్టుండి అతిగా నవ్వడం కనిపిస్తుంది. ఈ దశలో మాటలకంటే ఒంటికి పని మేలు. బోరింగు కొట్టి రెండు బకెట్లు మొక్కలకు పోయమనండి, పరుపులు ఎండలోంచి లోపలికి మోయమనండి, గుప్పెడు మరమరాలు నమలమనండి, చల్లటి నీళ్లతో మొహం కడగమనండి. పక్కనే మీరూ ఒక బకెట్ మోయండి. "ఫోన్ రాలేదని బాధగా ఉందా" అని ఒక్కసారి, అటువైపు చూస్తూ అనండి. జవాబు కోసం ఆగవద్దు.

పేలిపోయాక పద్ధతి మారుతుంది. భయంలోనో కోపంలోనో ఉన్న పిల్ల బుర్రలో ఆలోచించే భాగం ఆ సమయానికి పక్కకు తప్పుకుంటుంది. మంచి మాటలైనా చెవికెక్కవు. కనుక ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్లు తక్కిన పిల్లల్ని వరండాలోకి తీసుకుపోవాలి. చూసేవాళ్లు ఉన్నంతసేపూ ఆ పిల్లవాడు దిగిరాలేడు, పరువు అడ్డొస్తుంది. మీరు రెండు చేతుల దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు తిరిగి ఉండాలి. తలుపుకు అడ్డం నిలబడవద్దు. చేతులు కనబడేలా కిందికి పెట్టుకుని, వీలైతే కూర్చోండి. మీ గొంతు వాడి గొంతు కన్నా కిందే ఉండాలి. ఒక్కో మాట ఐదారు పదాలకు మించవద్దు. చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి.

"నన్నొగ్గీండి! నాకేటీ వద్దు!"

"సరే. నేనిక్కడే ఉన్నాను."

"పో ఇక్కణ్ణుంచి!"

"రెండడుగులు వెనక్కెళ్తాను. వెళ్లిపోను."

ఈ చివరి రెండు ముక్కలూ కలిసే ఉండాలి. రెండడుగులు వెనక్కి వేయడం అంటే నీ మాట విన్నానని. వెళ్లిపోను అంటే నువ్వు ఎంత చేసినా నిన్ను వదిలేసే మనిషిని కానని. చాలామంది పిల్లలు గొడవ చేసేదే ఈ రెండోది తేల్చుకోవడానికి: ఈవిడ కూడా కొడుతుందా, ఈవిడ కూడా పంపించేస్తుందా అని. ఆ వేళ "ఎందుకు చేశావు", "క్షమాపణ చెప్పు", "ఒకటి, రెండు, మూడు లెక్కపెడతాను" అనేవి నూనె పోయడమే. "అందుకే మీ అమ్మ వదిలేసింది" అనే మాట ఎంత కోపంలో వచ్చినా తిరిగి తీసుకోలేరు. తెలిసిన మంచి పనివాళ్ల నోటనే అది వస్తుంటుంది.

వస్తువులు పగిలితే పగలనివ్వండి. గాజు, కత్తిపీట, రాళ్లు దూరంగా తీయండి. తల గోడకు కొట్టుకుంటుంటే గోడకూ తలకూ మధ్య దిండో పరుపో పెట్టండి. పిల్లనుగానీ ఇంకొకరినిగానీ పెద్ద గాయం నుంచి తప్పించడానికి ఇక వేరే దారి లేనప్పుడే పట్టుకోవాలి. అదీ శిక్షణ పొందిన ఇద్దరు, క్షణాల పాటు, గాయం ప్రమాదం తగ్గేదాకా మాత్రమే. బోర్లా పడుకోబెట్టి పట్టుకోవద్దు. వీపు మీద, ఛాతీ మీద, మెడ మీద బరువు వేయవద్దు. అలా పట్టుకున్న పిల్లలకు ఊపిరి ఆగి ప్రాణాలు పోయాయి. మూడో మనిషి పిల్ల మొహం రంగు, ఊపిరి మాత్రమే చూస్తుండాలి. "ఊపిరాడటం లేదు" అంటే అదే క్షణం వదిలేయాలి, అబద్ధమనిపించినా సరే. తర్వాత డాక్టరుకు చూపించి, రాతలో పెట్టండి.

కట్టేయడం, గదిలో పెట్టి గడియ వేయడం, ఎండలో నిలబెట్టడం, ఒక దెబ్బ వేయడం, ఇవేవీ వైద్యంలో భాగాలు కావు. బాలల న్యాయ చట్టం 2015లో 75వ సెక్షను ప్రకారం సంస్థలో పనిచేసే మనిషి పిల్లపై క్రూరత్వం చూపితే ఐదేళ్ల వరకూ కఠిన జైలు, ఐదు లక్షల వరకూ జరిమానా. 82వ సెక్షను ప్రకారం క్రమశిక్షణ పేరుతో కొట్టినా మొదటిసారి పదివేల జరిమానా, మళ్లీ జరిగితే మూడు నెలల వరకూ జైలో, జరిమానానో, రెండూనో. ఒక్కసారి రుజువైనా ఉద్యోగం పోవచ్చు.

ఒళ్లు చల్లబడడానికి అరగంట నుంచి గంటన్నర పట్టొచ్చు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. పిల్ల ఏడుపు ఆపిన ఐదో నిమిషంలో ఉపన్యాసం మొదలవుతుంది, రెండో పేలుడు మొదటిదానికంటే పెద్దగా వస్తుంది. ఆ గంటలో నీళ్లు, దుప్పటి, మూతపెట్టి ఉంచిన అన్నం, అంతే. మాటలు మర్నాటికి. మర్నాడు నలిగిన పళ్లెం పిల్లా మీరూ కలిసి సరిచేయండి, చిందిన గోడ కలిసి కడగండి. "నిన్న ఫోన్ రాలేదు, తర్వాత ఏమైంది?" అని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. చేసిన పనికి అతికే దిద్దుబాటు ఉండాలి. పళ్లెం విసిరినందుకు ఆదివారం ఆట మాన్పించడం అతకదు. పిల్ల నేర్చుకునేది పగ ఒక్కటే.

రిజిస్టరులో మూడు గడులు గీయండి: ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, మనం ఏం చేశాం. "రెచ్చిపోయాడు" అని రాయకండి. "6.40కి, వరసలో, ఎడమ భుజానికి ఎవరో తగిలాక, పళ్లెం గోడకు విసిరాడు" అని రాయండి. రెండు మూడు వారాలవి పక్కపక్కన పెట్టి చూస్తే వేళలూ మనుషులూ బయటపడతారు. ఒక్కోసారి బయటపడేది మన పేరే.

రాత్రి

పడక వేళకు పగలు పనిలో మరిచిపోయినవన్నీ వస్తాయి. ఎనిమిదిన్నర నుంచి వరస మారకూడదు: దొడ్డి, కాళ్లు కడుక్కోవడం, డబ్బాలో అటుకులు, ఒక కథ, ఒక్కో మంచం దగ్గర అర నిమిషం, చిన్న లైటు. ఆ అర నిమిషంలో "రేపు పొద్దున నేనే ఉంటాను" అనో, "రేపు నా సెలవు, ఎల్లుండి వస్తాను" అనో చెప్పండి. చెప్పకుండా సెలవు పెట్టిన మర్నాడు గొడవ వస్తే అది మన ఖాతాలోది.

కాపలాదారు అడుగుల చప్పుడు ముందే వినబడేలా రావాలి, టార్చి నేల మీదికి వేయాలి, దుప్పటి ఎత్తి చూడకూడదు. రాత్రి మంచం దగ్గరకు ఎవరొచ్చేవారో ఆ పిల్లలకు తెలుసు. బాలికల గదుల్లోకి మగ సిబ్బంది అసలు వెళ్లకూడదు.

పడుకున్న రెండు మూడు గంటల్లోపు కళ్లు తెరిచే కేకలు వేస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకపోతే నిద్రలో వచ్చే భయోత్పాతం అది. కుదిపి లేపకండి. మంచం మీంచి పడకుండా కాయండి, పది పదిహేను నిమిషాల్లో తగ్గుతుంది, పొద్దున గుర్తుండదు. తెల్లవారుజామున మేలుకుని ఏడుస్తూ కల చెబితే అది పీడకల. లైటు వేసి, నీళ్లిచ్చి, పక్కన కూర్చుని, గదిలో కనబడేవి ఐదు పేర్లు చెప్పించండి: ఫ్యాను, కిటికీ, సంచీ... పిల్ల ఇక్కడికి, ఇవాళ్టికి తిరిగొస్తుంది. పగటిపూట చూపు శూన్యమై కట్టెలా బిగుసుకుపోయే పిల్లకూ ఇదే పద్ధతి. మూర్ఛ కాదని డాక్టరు చెప్పాకే సుమా.

పక్క తడిపే పిల్లకు రబ్బరు షీటు, రెండు దుప్పట్లు అదనంగా, తడిసినవి వేయడానికి బాత్రూంలో మూతున్న బకెట్. ఎవరినీ అడగకుండా మార్చుకునే ఏర్పాటుండాలి. పగలు నీళ్లు మాన్పించవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం ఉన్నాయేమో చూపించండి. దొడ్డి పెరటి చివర ఉంటే తడిపేది చీకటి భయం వల్ల కావచ్చు. ఒక హోల్డరూ ఒక బల్బూ చేసే పని అది. నెలలపాటు పొడిగా ఉన్న పిల్ల మళ్లీ తడపడం మొదలుపెడితే ఏదో జరిగిందని లెక్క. ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరి డ్యూటీ మారిందో చూడండి.

అక్టోబరు, నవంబరు గాలివానలకు ఇక్కడ వేరే బరువుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. రేకుల కప్పు మీద వాన హోరుకి గది మొత్తం లేచి కూర్చునే రాత్రులుంటాయి. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రమే చెప్పండి: ఏం చప్పుళ్లు వస్తాయో, లైటు పోతే టార్చి ఎవరి దగ్గరుందో. ఆ రాత్రి పెద్దవాళ్లు పిల్లల గదిలోనే పడుకోవాలి.

పిల్ల ఏదైనా చెప్పినప్పుడు

తనపై జరిగినది సాధారణంగా గిన్నెలు తోముతున్నప్పుడో తల దువ్వుతున్నప్పుడో అకస్మాత్తుగా చెబుతారు. చేస్తున్న పని ఆపకుండా వినండి. "చెప్పి మంచి పని చేశావు. నీ తప్పు లేదు. నిన్ను కాపాడడానికి ఇది ఇంకొకరికి చెప్పాలి." ఈ మూడూ చాలు. "ఎవరికీ చెప్పనులే" అనవద్దు, అది నిలబెట్టుకోలేని మాట. వివరాలు గుచ్చి అడగకండి. పిల్ల ఏ భాషలో, ఏ మాటలతో అన్నదో అలాగే రాసుకోండి. లైంగిక హింస అయితే పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పని సంస్థ బాధ్యులకు ఏడాది వరకూ జైలు పడవచ్చు. ఈమధ్యే జరిగితే ఆ బట్టలు ఉతకకుండా దాచి, పిల్లను వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, అదీ ఎంత తొందరైతే అంత మంచిది. ఆరోపణ సిబ్బందిలో ఒకరి మీదైతే ముందు ఆ మనిషి గృహం బయటికి వెళ్లాలి. పిల్లను మార్చి మనిషిని ఉంచడం కుదరదు.

చచ్చిపోవాలని ఉందేమోనన్న అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా ఒక మనిషి పక్కనే ఉండాలి. పురుగుమందులు, ఫినాయిల్, మాత్రలు, బ్లేడులు తాళం వేసిన బీరువాలోకి వెళ్లాలి. అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. జిల్లా ఆస్పత్రిలో మానసిక ఆరోగ్య విభాగం, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కొరాపుట్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. రాత్రివేళ సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ టెలి మానస్ 14416, పిల్లల సాయానికి 1098.

పిల్ల పారిపోతే గంటల తరబడి ఎదురుచూడకండి. పోలీసులకు, సమితికి, జిల్లా బాలల రక్షణ విభాగానికి వెంటనే చెప్పి, బస్టాండు, రైల్వే స్టేషను వెతికించండి. సరిహద్దు దాటడం ఇక్కడ అరగంట పని, కాబట్టి పక్క రాష్ట్రం స్టేషనుకూ చెప్పాలి. తిరిగొచ్చినప్పుడు ముందు స్నానం, అన్నం. "వచ్చావు, మంచిది" అనండి. ఎందుకు పోయావని అడిగితే జవాబు రాదు. ఎక్కడికి వెళదామనుకున్నావని అడిగితే వస్తుంది, చాలాసార్లు అది ఒక ఊరి పేరో మనిషి పేరో.

మాత్రలు

సైకియాట్రిస్టు రాసిన మందు రాసినంతే, రాసిన వేళకే. ఇచ్చిన ప్రతిసారీ సంతకం. గొడవగా ఉందని అర మాత్ర ఎక్కువ వేయడం నేరం, మత్తుగా ఉందని మనంతట మనం ఆపేయడం ప్రమాదం. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి మొదలుపెట్టిన రోజుల్లో మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం, కళ్లు పైకి తిరిగిపోవడం, నాలుక మందమై మాట రాకపోవడం కనిపిస్తే దెయ్యం అనుకుని మంత్రగాణ్ణి పిలిచిన సందర్భాలు ఉంటాయి. అది మందు వల్ల వచ్చిన బిగుతు. ఆస్పత్రిలో ఒక ఇంజెక్షనుతో తగ్గుతుంది, వెంటనే తీసుకెళ్లండి. ఆకలి పెరగడం, బరువెక్కడం మామూలే, నెలకోసారి తూకం రాయండి.

మన సంగతి

డ్యూటీ మారేటప్పుడు పావుగంట కూర్చుని మాట్లాడుకోవాలి: ఎవరు తిన్లేదు, ఎవరికి ఫోన్ వచ్చింది లేదా రాలేదు, ఎవరు ఎక్కువ మౌనంగా ఉన్నారు. తాళాలు చేతిలో పెట్టి గేటు దాటిపోతే తర్వాతి మనిషి గుడ్డిగా నడవాలి.

"నువ్వే మంచిదానివి, ఆ అప్ప రాక్షసి" అని పిల్ల అంటే లోపల తీయగా ఉంటుంది. మర్నాడు రాక్షసి మీరే. ఇళ్లలో ఒక పెద్దను ఇంకో పెద్ద మీదికి ఉసిగొల్పి బతికిన పిల్లలు వీళ్లు. "ఆ అప్పతో కోపంగా ఉన్నావన్నమాట, ముగ్గురం కలిసి మాట్లాడదాం" అనండి. వారానికో గంట సిబ్బంది అంతా, వంటమనిషీ కాపలాదారూ సహా, కూర్చుంటేనే ఈ చీలిక కనబడుతుంది.

కోపం మనకూ వస్తుంది. ఉమ్మేసిన పిల్ల ముందు చేయి లేవబోతుందని తెలిసిన క్షణానికి ఒక గుర్తు మాట పెట్టుకోండి. "టీ చల్లారిపోతోంది" అని తోటిమనిషి అంటే, ప్రశ్న లేకుండా మీరు బయటికి వెళ్లాలి, ఆమె మీ చోటికి రావాలి. దానికోసం ఏ డ్యూటీలోనూ ఒక్కరే ఉండకూడదు. రాత్రి ఒక్క మనిషితో నడిపించే చోట ఈ కాగితంలోని సగం జరగదు, ఆ సంగతి యాజమాన్య కమిటీ మినిట్స్‌లో రాయించండి.

వెళ్లిపోయేటప్పుడు

ఇంటికో, ఇంకో గృహానికో పంపే తేదీ తెలిసిన రోజే చెప్పాలి. గొడవ చేస్తుందని చివరి రోజుదాకా దాచి జీపు ఎక్కించడం ఇంతవరకు కట్టినదంతా కూల్చేస్తుంది. క్యాలెండర్ మీద రోజులు కొట్టించండి. వెళ్లే ముందు వారాల్లో పక్క తడపడం, తిట్టడం, దాచుకోవడం మళ్లీ వస్తాయి. వదిలిపోవడం కంటే తిట్టి పోవడం తేలిక. ఫోటోలు నాలుగు, తన డబ్బా, వేసుకున్న బొమ్మలు మూటలో పెట్టండి. ఆ రాత్రికి ఖాళీ మంచం ఎవరికీ ఇవ్వకండి. పక్క మంచం పిల్ల దాని వైపే చూస్తూ ఉంటుంది, అర నిమిషం అక్కడ ఎక్కువ కూర్చోండి.

వెళ్లిన వారానికి, నెలకు, మూడు నెలలకు ఫోన్ చేస్తామని తేదీలు రాసివ్వండి. చేయాల్సింది ఆఫీసు కాదు, ఆ పది నిమిషాలు కూర్చున్న మనిషే. ఆ తేదీ మీ సెలవు రోజున పడితే సెలవు రోజునే చేయండి.